తొమ్మిది నిమిషాల ఖాళీ

61వ గేటు. దినచర్య, ఇరవయ్యో పుస్తకం.

మార్చి 31

ఖాళీ సాయంత్రం 5.30కి వచ్చింది.
వచ్చింది: 6 నిమిషాల 20 సెకన్లు.
దాటినవి: గడ్డి బండ్లు రెండు, వేరుశనగ నూర్పిడి యంత్రం ఒకటి, పెళ్ళివారి ట్రాక్టరు ఒకటి.
'చాలు' మీట నొక్కింది: 2 నిమిషాల 50 సెకన్లకు.
మీట నొక్కకపోతే కారణం: —

చివరి గడి నింపే అవసరం నాకు పంతొమ్మిదేళ్ళుగా రాలేదు.

ట్రాక్టరు దాటుతున్నప్పుడు పెళ్ళికొడుకు చెప్పు ఒకటి జారి దారి మీద పడింది. వెనక్కి వచ్చి తీసుకుంటానన్నాడు. అప్పటికే మీట నొక్కాను, గేటు పడింది. "ఇంగా మూడున్నర నిమిషాలుంది గదప్పా, అంత తొందరేమి?" అని పెళ్ళివారిలో ఒకాయన అరిచాడు. మన పని అయ్యాక మిగిలిన కాలం మనది కాదు, కింది గేట్లది. ఆ మాట ఆయనకు చెప్పలేదు. చెప్పు మొదటి లారీ కిందే పొడి అయింది.

ఏప్రిల్ 1

నీళ్ళ ట్యాంకరు వచ్చింది. 9,000 లీటర్లు. మళ్ళీ మే ఒకటినే.

స్తంభాల కింద ఊడ్చాను. ఉత్తరానికి వెళ్ళే లారీలు ఆ స్తంభాల మీద దారిలో పోతాయి. వాటితో మనకు పేచీ లేదు, కింద ఎవరైనా నడవవచ్చు. దక్షిణానికి వచ్చేవి నేల మీద పోతాయి. కశ్మీరు కొండల నుంచి కన్యాకుమారి దాకా, నలభై అడుగులకు ఒక లారీ చొప్పున, నడిపే మనిషి లేకుండా, ఆగకుండా. నేల కింద ఉన్న సొరంగాన్ని లారీల బరువు పెరిగినప్పుడు కాంక్రీటుతో నింపేశారు. మనుషులకు మెట్ల వంతెన ఉంది. మెట్లు ఎక్కలేనివన్నీ ఖాళీ కోసం ఆగాలి.

తొమ్మిది రోజులకు ఒకసారి పైన కొండల్లో పదిహేను నిమిషాల పాటు ఒక్క లారీనీ దారి మీదకు వదలరు. ఆ ఖాళీ లారీల వరుస మధ్యలో కిందికి కదిలి వస్తుంది. అది గేటు ముందుకు రాగానే ఆ గేటువాళ్ళు దాటుతారు. ఇక్కడికి రావడానికి ముప్పై నాలుగు గంటలు పడుతుంది. మొత్తం ఎనభై ఎనిమిది గేట్లు, ఒకటే ఖాళీ.

ట్యాంకు: 8,970.

ఏప్రిల్ 2

మధ్యాహ్నం కరెక్క మంద వచ్చింది. ఆమె, ఆమె తమ్ముడు బీరప్ప, ఒక కుక్క. కరెక్క ఏటా ఈ దారిలోనే తూర్పుకు పోతుంది, బీరప్ప రావడం ఇదే మొదటిసారి. అక్కడ కోతలు అయిన పొలాల్లో మేపి, రైతులు అడిగిన చోట రాత్రిళ్ళు మంద కడతారు. నేలకు ఎరువు, వాళ్ళకు గింజలు.

"ఏమన్నా, బాగుండావా? ఈ తూరి జీవాలు నాలుగు నూర్ల పన్నెండు. రాసుకో, నీకదే గదా ఇష్టం" అంది కరెక్క.

"ఆలస్యమైంది" అన్నాను.

"యాడన్నా చెరువులో తడి ఉంటాదని ఆగినాము. బురద గూడా లేదు."

"ఖాళీ ఎంతుంటాదన్నా?" అని బీరప్ప అడిగాడు.

"ఆరు."

"ఆరు గంటలా? బలే!"

"నిమిషాలు."

బీరప్ప నవ్వు ఆగిపోయింది.

ఎనిమిదేళ్ళ కిందటి పుస్తకం తీశాను. అప్పుడు 380 గొర్రెలు 8-20లో దాటాయి. ఆ లెక్కన 412కి 9-02 కావాలి. మందను మధ్యలో ఆపడం కుదరదు. ముందు గొర్రె పోతే వెనకది పోతుంది, ఎదురుగా లారీ ఉన్నా పోతుంది.

తొట్టి నింపాను. ట్యాంకు: 7,700.

ఏప్రిల్ 3

రోజుకు మందకు 1,240 లీటర్లు, నాకు 30. తొమ్మిదో తేదీ ఖాళీ దాకా లాగవచ్చు. ఆ తర్వాత ఉండదు.

"సగం ఈ తూరి, సగం పైతూరి దాటించండి" అన్నాను.

కరెక్క తొట్టి అంచు మీద కూర్చుని తల అడ్డంగా ఊపింది. "రెండేండ్ల కిందట చేసినాము గదన్నా, నువ్వే రాసుకొని ఉంటావు చూడు. తల్లులు అవతల, పిల్లలు ఇవతల. తొమ్మిది దినాలు రెండు పక్కలా ఒకటే అరుపు. పదహారు పిల్లలు పాలు లేక సచ్చిపోయినాయి. అప్పుడు నీళ్ళన్నా ఉన్నాయి."

"వెనక్కి?"

"అయిదు దినాల నడక. నీళ్ళు లేవు. సగం గూడా చేరవు."

ఆ ఏడాది పుస్తకంలో చూశాను. ఎన్ని దాటాయో ఉంది. పిల్లలు చచ్చిన సంగతి లేదు. అది నా గడుల్లో లేని విషయం.

ట్యాంకు: 6,430.

ఏప్రిల్ 4

పాత పుస్తకాలన్నీ వరుసగా పెట్టాను. మొదటి ఏడు ఇక్కడికి వచ్చిన ఖాళీ 14-10. అయిదో ఏడు 12-00. పదో ఏడు 9-30. పదిహేనో ఏడు 7-40. ఇప్పుడు 6-20. తగ్గుతోందని తెలుసు. మధ్యలో ఎక్కుదారుల నుంచి వచ్చి చేరే లారీలు తినేస్తున్నాయని అనుకునేవాణ్ణి.

కరెక్క కిటికీలోంచి చూస్తోంది. "పై గేటోళ్ళని అడిగినావా?"

"ఎంత వచ్చిందో అంకె పంపుతారు."

"అంకె గాదన్నా. నోటితో."

"అవసరం రాలేదు."

"ఇప్పుడొచ్చింది గదా. నాలుగు నూర్ల పన్నెండు అవసరాలు, ఆడ నిలబడి నిన్నే చూస్తాండాయి. మాటకు గూడా మీటరు పెట్టుకున్నావా ఏమి?"

60వ గేటుకు ఫోను చేశాను. కృష్ణకు అవతల ఉంటుంది. అక్కడ పనిచేసే ఆమె పేరు సవారమ్మ అని జాబితాలో ఉంది.

"ఎవలు?"

"అరవై ఒకటి."

"వన్నూరప్పవా? పదకొండేండ్ల సంది అంకెలు పంపుతున్న. అవుతల మనిషే లేడేమో, మిషినేమో అనుకున్న గదన్నా!"

"మొన్న మీకు ఎంత వచ్చింది?"

"ఏడున్నర. పంపిన గద."

"నాకు ఆరు ఇరవై వచ్చింది. మీరు మీట ఎప్పుడు నొక్కారు?"

"మా బండ్లు దాటినంక. ఆగు, చూస్త..." కాగితాలు తిప్పిన చప్పుడు. "ఆరు ఇరవైకి."

నా పుస్తకంలో 6-20 కింద గీత గీశాను.

"అరె" అంది. "మిగిలింది నీకే వస్తదని నొక్కిన గదన్నా. మస్తుగ మిగులబెడుతున్న అనుకున్న. మొదట్ల పని నేర్పినోళ్ళు గట్లనే చెప్పిన్రు."

నాకూ అట్లాగే చెప్పారు. పని నేర్పిన రోజు రాసుకున్న కాగితం నా దగ్గర ఇంకా ఉంది: 'మిగిలిన కాలం కింది గేట్లకు జమ అగును.' నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. మైలురాళ్ళ మీద అంకెలు, లారీల వెనక అక్షరాలు చూసి నేర్చుకున్నాను. రాసి ఉన్నదాన్ని అనుమానించడం నేర్చుకోలేదు.

మీట నొక్కితే వెనక లారీలు ముందుకు వచ్చి ఖాళీని మూసేస్తాయి. అంతే. దేనికీ జమ లేదు.

ఫోను పెట్టాక మార్చి 31 పేజీ మళ్ళీ చూశాను. చాలు మీట: 2-50.

ట్యాంకు: 5,160.

ఏప్రిల్ 5

62వ గేటుకు ఫోను చేశాను. అక్కడ గంగరాజప్ప. పెనుకొండ దగ్గర.

"అరవై ఒకటి" అన్నాను.

"ఓహో! పిసినారి అరవై ఒకటా? మాట్లాడతావా నువ్వు?"

"ఏమన్నారు?"

"ఏమనుకోవద్దప్పా, ఈడ నిన్ను అందరూ అట్లే అంటారు. పైనుంచి ఆరు నిమిషాలొస్తే వాడు నాలుగు మింగి మనకు రెండు ఉమ్ముతాడని మా వాళ్ళు తిట్టుకుంటారు."

"మొన్న మీకు రెండు యాభై వచ్చిందా?"

"సరిగ్గా."

చెప్పవలసినదంతా చెప్పాను. పంతొమ్మిదేళ్ళలో ఇంత సేపు ఎవరితోనూ మాట్లాడలేదు. గంగరాజప్ప మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక పెద్దగా ఊపిరి వదిలాడు.

"నేనూ నొక్కుతాండా గదప్పా, మిగిలింది కిందోళ్ళకే అని. నాకు ఆ కింద ఏం పేరు పెట్టినారో!"

"చివరి గేటుకు ఎంత చేరుతుంది?"

"కనుక్కుంటా."

మధ్యాహ్నం చెప్పాడు. 88వ గేటుకు నలభై సెకన్లు. అక్కడ మెట్ల వంతెన లేదట, పరుగెత్తగలిగినవాళ్ళు తప్ప ఎవరూ దాటరట. అవతల సముద్రం ఉందట.

ఇంట్లో కుళాయి చుక్క కారినా లేచి వెళ్ళి కట్టేవాణ్ణి. మీట కూడా అట్లాగే నొక్కాను. కట్టింది కింది ఊళ్ళ కుళాయి.

అన్నం తినబుద్ధి కాలేదు. కరెక్క ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. కాసేపటికి రాగి ముద్ద, ఊరిబిండి పచ్చడి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ట్యాంకు: 3,890.

ఏప్రిల్ 6

పై గేట్లన్నిటికీ జాబు రాశాను. మూడు కాగితాలు చింపాక ఇది మిగిలింది:

'61వ గేటు. 412 గొర్రెలు. 9-02 కావాలి. నీళ్ళు తొమ్మిదో తేదీ దాకానే. మీట నొక్కితే మిగిలింది కిందికి రాదు, మూసుకుపోతుంది. పుస్తకాలు చూసి చెబుతున్నాను. పంతొమ్మిదేళ్ళు నేనూ నొక్కాను. ఈసారి నొక్కకండి.'

సవారమ్మకు ఫోనులో చదివి వినిపించాను. ఆమెకు ఉర్దూ వచ్చు. "నాగపూర్ దాంక నేను జూసుకుంట. ఆ పైన వాళ్ళు వాళ్ళు జెప్పుకుంటరు. దండం పెట్టి అడిగినట్టు ఒక్క ముక్క గూడ లేదు గదన్నా ఇండ్ల?"

"ఎట్లా రాయాలో తెలియదు."

"నేను కలుపుత తీయ్."

పొద్దున ఒక గొర్రె ఈనింది. నల్ల పిల్ల, నొసటి మీద తెల్ల మచ్చ. కరెక్క అడిగింది, "లెక్కలో కలుపుకున్నావా?"

"అది నడవదు, ఎత్తుకుపోతారు. దాటే లెక్క 412."

"నీ లెక్క తగలెయ్య" అని నవ్వింది.

ట్యాంకు: 2,620.

ఏప్రిల్ 7

జవాబులు వస్తున్నాయి. మేం ఎప్పుడూ పంపుకునేవి అంకెలే కనుక చాలామంది అంకెలే పంపారు. పంజాబు వైపు 9వ గేటు నుంచి '15' అని వచ్చింది. అంటే మొత్తం వదులుతారని. 40వ గేటు నుంచి '412' అని మాత్రం వచ్చింది. ఎందుకో దాన్ని చాలాసార్లు చూశాను.

నర్మద దగ్గర 31వ గేటాయన ఒక ప్రశ్న అడిగాడు. మీట నొక్కకపోతే దారి ఆఫీసు కారణం అడుగుతుంది. ఆ గడిలో ఏం రాయాలి? తన దగ్గర గొర్రెలు లేవు కదా?

నాకు జవాబు తోచలేదు. అదే ఆయనకు చెప్పించాను.

23వ గేటు నుంచి ఏమీ రాలేదు.

ట్యాంకు: 1,350.

ఏప్రిల్ 8

పొద్దున 7.30కి ఖాళీ కొండల్లో బయలుదేరింది. మామూలుగా పక్క గేటు అంకె ఒక్కటే నాకు తెలుస్తుంది. ఈసారి ప్రతి గేటూ తన అంకెను కిందికంటా పంపుతోంది.

5వ గేటు: 15-00.
9: 15-00.
17: 14-30.

బీరప్ప గుమ్మంలో కూర్చుని ఒక్కొక్క అంకెనూ మందకు అరిచి చెబుతున్నాడు. "పద్నాలుగున్నరంట! నిద్దరపోతా దాటొచ్చు!"

24: 11-50.

23వ గేటులో ఎవరో నొక్కారు. సాయంత్రం సవారమ్మ ఫోను చేసింది. "ఆయన పెద్దమనిషి. నొక్కొద్దని తెలుసట. బండి దాటంగనే చెయ్యి దానంతట అదే పోయిందట. ఏడుస్తున్నడని చెప్పిన్రు."

నా చేయి కూడా అదే చేస్తుంది. రేపటికి ఏదైనా చూడాలి.

ట్యాంకు: 80.

ఏప్రిల్ 9

పొద్దున మందకు నీళ్ళు లేవు. ఖాళీ తొట్టిని నాకుతున్నాయి.

"మరి నీకు?" అంది కరెక్క ట్యాంకు మీద తట్టి చూసి. డొల్ల చప్పుడు వచ్చింది. "నెలంతా ఏం తాగుతావు?"

"చూద్దాం."

"చూద్దామంట. నీకు నోరు లేదు సరే, దప్పిక గూడా లేదా?"

48: 10-40.
55: 9-50.
59: 9-25.

నాలుగున్నర దాటాక సవారమ్మ పలికింది. "అన్నా, తొమ్మిది ఇరవై అయిదు వచ్చింది. మా బండ్లు మూడే, దాటినయ్. చేతులు రెండు కొంగుల కట్టుకొని కూసున్న. పంపుతున్న."

మీట మీద నా అన్నం గిన్నె బోర్లించాను. గిన్నె మీద పాత పుస్తకాలు పంతొమ్మిదీ పెట్టాను. ఇది రాసిన తర్వాత ఈ పుస్తకం కూడా అక్కడే పెడతాను. మిగిలింది దాటాక రాస్తాను.

మిగిలింది.

5.30కి చివరి లారీ పోయింది. వెనక దారి నల్లగా, ఖాళీగా. గేటు లేచింది. గడియారం 9-15 చూపింది. నాకు కావలసినదానికి పదమూడు సెకన్లు ఎక్కువ. సవారమ్మ దగ్గర నుంచి వచ్చేలోపు పోయిన పది సెకన్లు నిజంగా ఎక్కుదారి లారీలవే.

కరెక్క ముందు పొట్టేలును లాగింది. అది దారి అంచు దాకా వచ్చి ఆగింది. నేల ఇంకా సెగలు కక్కుతోంది, రబ్బరు వాసన. పొట్టేలు ముందుకాళ్ళు బిగించి కదలలేదు. వెనక మంద మొత్తం నిలిచింది. బీరప్ప తోశాడు, తిట్టాడు, బతిమాలాడు. పది సెకన్లు. ఇరవై. ఇరవై అయిదు.

కరెక్క పొట్టేలు తాడు వదిలేసింది. వెనక్కి పరుగెత్తి నిన్న మొన్నటి నల్ల పిల్లను బీరప్ప భుజం మీది కంబళి నుంచి లాక్కుంది. దాన్ని కాళ్ళు పట్టి ఎత్తి, అరిపిస్తూ దారి మీదకు పరుగెత్తింది. పిల్ల అరుపు విని తల్లి గుంపును చీల్చుకుని వచ్చింది. తల్లి వెనక ఒకటి. దాని వెనక నాలుగు. తర్వాత పొట్టేలు కూడా, తానే ముందు బయలుదేరినట్టు.

ఆ తర్వాత ఆగలేదు. ఎప్పుడూ అంత వేగంగా దాటడం చూడలేదు. దప్పిక వల్ల కావచ్చు, అవతల కాలువ వాసన వచ్చి ఉండవచ్చు. నేను గదిలో నిలబడి లెక్కపెడుతున్నాను. మూడు వందల అరవై దగ్గర దూరంగా లారీల మోత మొదలైంది. ఎర్ర దీపం వెలిగింది. గేటు మనిషి దారి మీద అడుగు పెట్టరాదు అని నియమం. పై తువాలు తీసి వెళ్ళి వెనక నిలబడి విసిరాను, అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. బీరప్ప తర్వాత చెప్పాడు: "అంకెలే అరిచినావన్నా!"

చివరి గొర్రె, దాని వెనక కుక్క, దాని వెనక నేను. గడియారం 9-07.

అవతల గట్టు మీద నిలబడగానే లారీలు వచ్చాయి. వాటి గాలికి తువాలు ఎగిరిపోయింది.

కరెక్క పిల్లను కింద పెట్టి తల్లికి వదిలింది. "లెక్క సరిపోయిందా?" అంది.

"నాలుగు వందల పన్నెండు."

"ఇది?"

"నాలుగు వందల పదమూడు" అన్నాను.

వాళ్ళు కాలువ వైపు సాగారు. నేను మెట్ల వంతెన ఎక్కి ఇవతలికి వచ్చాను. గదిలో గిన్నె, పుస్తకాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఖాళీ కిందికి వెళ్ళిపోయింది. గంగరాజప్పకు నా అంకె పంపాను. అరగంటకు అతని అంకె తిరిగి వచ్చింది: 9-15. కింది గేటు నుంచి పైకి అంకె రావడం ఇదే మొదటిసారి.

ట్యాంకు: 50.

ఏప్రిల్ 10

పొద్దున తలుపు తీస్తే గంగరాజప్ప. లావాటి మనిషి, తెల్ల మీసాలు. పక్కదారిలో మోపెడు వెనక చిన్న తోపుడుబండి కట్టుకుని, రెండు డ్రమ్ముల నీళ్ళు తెచ్చాడు. మూడు గంటలు పట్టిందట.

"పిసినారి అరవై ఒకటివి నువ్వేనా? సన్నగా ఉండావే! మా గేటోళ్ళ తిట్లు తిని లావెక్కి ఉంటావనుకున్నా."

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. గది ముందు నేలను చూసి తల ఊపాడు. "ఏడు రాత్రులు నాలుగు నూర్ల జీవాలు పండుకున్నాయా ఈడ? ఎంతమంది రైతులు బతిమాలినా దొరకదప్పా ఈ ఎరువు. వానొస్తే ఏమన్నా చల్లుకో."

తర్వాత జేబులోంచి చీటీ తీశాడు. 88వ గేటు నుంచి తెల్లవారాక ఆరున్నరకు వచ్చిందట. అక్కడాయన పేరు శివనైంద. అరవంలో రాశాడు. గంగరాజప్పకు అరవం వచ్చు. వేలు పెట్టి చదివి చెప్పాడు.

'వచ్చింది 7-40. దాటినవారు 31. అందులో పదకొండుమంది ఈ గేటు ఎప్పుడూ దాటనివాళ్ళు. ఒక ముసలామెను మంచంతో మోశారు. అందరూ దాటినా అయిదు నిమిషాలు మిగిలింది. నా కింద గేటు లేదు. అందుకని వాళ్ళు దారి మధ్యలో కూర్చుని సూర్యోదయం చూశారు. దీపం ఎర్రబడేదాకా లేపలేదు.'

గంగరాజప్ప చీటీని నా చేతికిచ్చి మోపెడు దగ్గరికి వెళ్ళాడు. ఎంతసేపు చూశానో తెలియదు. తర్వాత పుస్తకంలో అతికించాను.

దారి ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. నిన్నటి గడులు నింపాలి. 31వ గేటాయన ప్రశ్నకు ఇప్పుడు జవాబు తోచింది. ముందు ఆయనకు పంపాను, తర్వాత ఫారంలో రాశాను.

వచ్చింది: 9 నిమిషాల 15 సెకన్లు.
దాటినవి: గొర్రెలు 413, కుక్క ఒకటి, మనుషులు ముగ్గురు.
'చాలు' మీట నొక్కింది: లేదు.
మీట నొక్కకపోతే కారణం: నా కింద ఇరవై ఏడు గేట్లు ఉన్నాయి.